బోదకాలు మాత్ర వేసుకున్నాక జ్వరం ఎందుకొస్తుంది?

గోదావరి డెల్టాలో బోదకాలు మాత్రల పంపిణీ జరిగినప్పుడల్లా ఒక మాట ఊళ్లలో తిరుగుతుంది. "నిక్షేపంగా ఉన్న మనిషికి మాత్రలిచ్చి జ్వరం తెప్పించారు" అని. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పెద్దవాళ్లకైతే మూడు డీఈసీ మాత్రలు, ఒక ఆల్బెండజోల్ చేతిలో పెట్టి, తన ఎదురుగానే మింగమంటుంది. ఆ రాత్రికో మర్నాటికో కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, కాస్త వికారం. రెండు మూడు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి. ఆ మాట మాత్రం సర్దుకోదు. మరుసటి ఏడు అదే వీధిలో చాలామంది "అన్నం తిన్నాక వేసుకుంటాంలే అమ్మా" అని మాత్రలు తీసుకుని అల్మరాలో పడేస్తారు.

ఆ జ్వరం నిజం. "అబ్బే, అదేం లేదు" అని కొట్టిపారేయడం వల్ల జనానికి నమ్మకం కుదరదు, ఉన్నదీ పోతుంది. అసలు చెప్పాల్సింది ఆ జ్వరం ఎక్కడి నుంచి వస్తుందో. ఖాళీ కడుపున వేసుకుంటే వచ్చే వికారం, కళ్లు తిరగడం లాంటివి మందు వల్లే కావచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు మాత్రం ఎక్కువగా కనిపించేది ఒంట్లో అప్పటికే బోదకాలు తెచ్చే పురుగు ఉన్నవాళ్లలో. రక్తంలో పురుగు పిల్లలు ఎంత ఎక్కువుంటే జ్వరం అంత గట్టిగా వస్తుంది. ఏళ్ల తరబడి కిమ్మనకుండా ఉన్న ఒళ్లు ఒక్క రాత్రిలో అంత గొడవ ఎందుకు చేస్తుందన్నది శాస్త్రవేత్తలను కూడా చాలాకాలం తికమక పెట్టిన ప్రశ్న. దానికి జవాబు మన కణాల మీద ఉండి పరాయి జీవుల్ని పసిగట్టే గ్రాహకాల (రిసెప్టర్ల) దగ్గర దొరికింది.

రాత్రి రక్తంలో కనిపించేది

బోదకాలుకు కారణమైన పురుగు పేరు వుకరేరియా బాంక్రాఫ్టై. మురుగు నీట్లో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషి నుంచి మనిషికి చేరవేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకు కాలువలొచ్చాయి, జనం ఒత్తుగా స్థిరపడ్డారు. పల్లపు నేల కావడంతో నీరు నిలబడటం ఇక్కడ కొత్తేమీ కాదు. కచ్చా డ్రెయిన్లు, మూతల్లేని సెప్టిక్ ట్యాంకులు, కొబ్బరి డొక్క నానబెట్టే గుంటలు క్యూలెక్స్‌కు కావాల్సినంత చోటిస్తాయి. దేశంలో ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం తన శాఖల్లో ఒకదాన్ని రాజమహేంద్రవరంలో నడుపుతోంది. ఈ ప్రాంతానికి ఈ జబ్బుతో ఎంత పాత లంకె ఉందో అదే చెబుతుంది.

పెద్ద పురుగులు శోషరస నాళాల్లో, అంటే లింఫ్ నాళాల్లో కాపురముంటాయి. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతూ, వేలకు వేలు పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. మైక్రోఫైలేరియా అనే ఈ పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, క్యూలెక్స్ కుట్టే వేళకు, అంటే రాత్రి బాగా పొద్దుపోయాక, చర్మం కింది రక్తంలోకి వస్తాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక టార్చిలైట్లు పట్టుకుని ఇంటింటికీ వచ్చి వేలు పొడిచేది అందుకే. గాజు పలక మీద మందంగా పరిచిన ఆ రక్తాన్ని ఆరనిచ్చి, నీళ్లలో ఎరుపు పోగొట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. పావు మిల్లీమీటరు కంటే కాస్త పొడవైన జీవి, ఒంటి చుట్టూ పలచని తొడుగు, లోపల బారులు తీరిన కణ కేంద్రకాలు, తోక కొసన మాత్రం ఖాళీ. ఆ ఖాళీని చూసే ఇది వుకరేరియా అని తేలుస్తారు. అప్పుడే తీసిన చుక్కనైతే ఇంకా స్పష్టంగా చూడొచ్చు: మెలికలు తిరుగుతూ, ఎర్ర కణాలను అటూ ఇటూ నెట్టుకుంటూ కదులుతూ ఉంటుంది.

కొందరిలో మిల్లీలీటరు రక్తానికి ఇలాంటివి వందలు, వేలు ఉంటాయి. అయినా ఆ మనిషి పొద్దున్నే లేచి చేలోకి వెళ్తాడు, కాలు వాపు ఉండదు, జ్వరం ఉండదు. గొంతులో నాలుగు బ్యాక్టీరియాలు చేరితేనే ఒళ్లు కాలిపోయే మనిషికి, రక్తంలో ఇన్ని వేల జీవులు ఈదుతుంటే ఏమీ తెలియకపోవడం మామూలు సంగతి కాదు.

గ్రాహకాలు దేన్ని గుర్తుపడతాయి

మన రోగనిరోధక శక్తిలో రెండు పొరలున్నాయి. టీకాలతో, పాత జబ్బులతో నేర్చుకునేది ఒకటి. అది తయారవడానికి రోజులు పడుతుంది. రెండోది పుట్టుకతో వచ్చేది. కొత్త శత్రువు లోపలికి రాగానే నిమిషాల్లో, గంటల్లో కదిలేది ఇదే. దీని పని గ్రాహకాల మీద ఆధారపడి ఉంటుంది. మనిషి కణాల్లో ఎక్కడా ఉండని, సూక్ష్మజీవుల్లో మాత్రమే ఉండే కొన్ని అణువుల ఆకారాన్ని ఈ గ్రాహకాలు పట్టుకుంటాయని 1989లో చార్ల్స్ జేన్‌వే ప్రతిపాదించారు. అప్పటికది ఊహే. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం టోల్ అనే జన్యువు పనిచేయని పండ్ల ఈగలు బూజు సోకి చనిపోతాయని చూపించింది. మరుసటి ఏడాది రుస్లాన్ మెజిటోవ్, జేన్‌వే అలాంటి గ్రాహకమే మనుషుల్లోనూ ఉందని తేల్చారు. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం బ్యాక్టీరియా పైపొరలోని ఒక కొవ్వు పదార్థాన్ని పసిగట్టేది టోల్ జాతి గ్రాహకాల్లో నాలుగోదేనని కనిపెట్టింది. 2011 నోబెల్‌లో సగం హాఫ్‌మన్, బ్యూట్లర్‌లకు ఈ పనికే వచ్చింది. మిగతా సగం రాల్ఫ్ స్టీన్‌మన్‌ది, వేరే పనికి.

మనుషుల్లో టోల్ జాతి గ్రాహకాలు పది రకాలున్నాయి. పొట్టిగా టీఎల్ఆర్‌లు అంటారు. టీఎల్ఆర్-2 బ్యాక్టీరియా లైపోప్రొటీన్లను, టీఎల్ఆర్-5 వాటి తోకలోని ప్రొటీన్‌ను, టీఎల్ఆర్-9 వాటి డీఎన్ఏను పట్టుకుంటాయి. పట్టుకున్న మరుక్షణం కణంలోకి కబురు వెళుతుంది. కణం ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లను, అంటే కబురు మోసే ప్రొటీన్లను, రక్తంలోకి వదులుతుంది. అవి మెదడు దాకా వెళ్లి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారీని పెంచి ఒంటి వేడిని పైకి ఎక్కిస్తాయి. ఒళ్లునొప్పులు, నీరసం, అన్నం సయించకపోవడం, అన్నీ ఈ దారినే వస్తాయి. పారాసిటమాల్‌తో జ్వరం దిగుతుందంటే అది ఆ ప్రోస్టాగ్లాండిన్ దగ్గర అడ్డుపడటం వల్లే.

పురుగు దగ్గరికొచ్చేసరికి ఈ ఏర్పాటు తడబడుతుంది. బ్యాక్టీరియా మనకు పూర్తిగా పరాయిది, దాని పైపొరా, తోకా మన ఒంట్లో ఎక్కడా ఉండవు. పురుగు అలా కాదు. దాని కణాలకూ మన కణాల్లాగే కేంద్రకం ఉంటుంది, కొవ్వులూ ప్రొటీన్లూ చాలావరకు మన తరహాలోనే ఉంటాయి. గ్రాహకానికి చిక్కే పరాయి గుర్తులు దానిలో తక్కువ. దానికి తోడు పరిమాణం. సూక్ష్మజీవిని మింగి అరాయించుకునే మాక్రోఫేజ్ కణం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. పది సెంటీమీటర్ల పురుగును అది మింగేదెలా? కాబట్టి పరాన్నజీవుల విషయంలో ఒళ్లు వేరే దారులు వెతుక్కోవాల్సి వస్తుంది: పురుగు ఒంటిమీది చక్కెరలను పట్టే లెక్టిన్ గ్రాహకాలు, కణాలు చిట్లినప్పుడు బయటపడే ప్రమాద సంకేతాలు, ఇలాంటివి.

పురుగు కడుపులో ఇంకో జీవి

వుకరేరియా లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. పురుగు కణాల్లోనే పుట్టి, తల్లి నుంచి పిల్లలకు సంక్రమిస్తూ వస్తుంది. ఫైలేరియా పురుగుల్లో బ్యాక్టీరియా లాంటి ఆకారాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో 1970లలోనే చూశారు. వాటి ప్రాముఖ్యం అర్థం కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. వోల్బాకియా లేకపోతే ఈ పురుగు సరిగా ఎదగలేదు, పిల్లల్ని కనలేదు.

పురుగు బతికున్నంతకాలం ఈ బ్యాక్టీరియా దాని చర్మం లోపల భద్రంగా ఉంటుంది కాబట్టి మన గ్రాహకాల కంటపడేది తక్కువ. పురుగు చచ్చి చితికిపోయినప్పుడు వోల్బాకియా ఒక్కసారిగా బయట పడుతుంది. ఇప్పుడు గ్రాహకాలకు బాగా తెలిసిన గుర్తు ఎదురుగా ఉన్నట్టే. దీన్ని పట్టేది టీఎల్ఆర్-4 అని మొదట్లో అనుకున్నారు. వోల్బాకియాకు ఆ గ్రాహకం వెతికే కొవ్వు పదార్థమే లేదని తర్వాత తేలింది. దాని లైపోప్రొటీన్‌ను టీఎల్ఆర్-2, టీఎల్ఆర్-6 జంటగా పట్టుకుంటాయని 2009లో నిర్ధారించారు.

మాత్ర కథ ఇక్కడ కలుస్తుంది. డీఈసీ 1947 నుంచి వాడుకలో ఉన్న మందు. డెల్టాలో పాతతరం వాళ్లకు హెట్రజాన్ పేరుతో తెలుసు. ప్రయోగశాలలో గాజు పాత్రలో మైక్రోఫైలేరియా మీద దీన్ని పోస్తే అవి అంత తేలిగ్గా చావవు. మనిషి ఒంట్లోకి వెళితే మాత్రం కొన్ని గంటల్లోనే రక్తంలోంచి చాలావరకు మాయమవుతాయి. అంటే మందు ఒక్కటే పని ముగించడం లేదు. పురుగు పిల్లలు మన రక్షణ కణాలకు చిక్కేలా చేస్తోంది, మిగతా పని పుట్టుకతో వచ్చిన రోగనిరోధక శక్తే చేస్తోంది. ఇండొనేసియాలో వుకరేరియా బంధువైన బ్రూజియా మలాయీ సోకినవారికి డీఈసీ ఇచ్చి పరిశీలించిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. జ్వరం తీవ్రంగా వచ్చినవారి రక్తంలో వోల్బాకియా ఆనవాళ్లు దొరికాయి. ఇంకో పరిశోధనలో ముందుగా మూడు వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చి వోల్బాకియాను తగ్గించి, ఆ తర్వాత పురుగును చంపే మాత్రలు ఇస్తే ఈ ప్రతిచర్యలు బాగా తగ్గాయి.

అలాగని మొత్తం భారం వోల్బాకియా మీదే వేయలేం. ఆఫ్రికాలో లోవా లోవా అనే ఫైలేరియా పురుగు ఉంది, దానిలో వోల్బాకియా లేదు. అయినా మందు వేసినప్పుడు ప్రమాదకరమైన ప్రతిచర్యలు వస్తాయి. చచ్చిన పురుగులో గ్రాహకాలను రెచ్చగొట్టేవి ఇంకా ఉన్నాయన్నమాట. మన డెల్టాలో లోవా లోవా లేదు కాబట్టి ఆ భయం ఇక్కడ అక్కర్లేదు.

మౌనం వెనక

ఏళ్ల తరబడి ఒళ్లు ఎందుకు ఊరుకుంటుందో ఇంకా చెప్పుకోవాలి. పురుగు దాక్కోవడంతో సరిపెట్టుకోదు, గ్రాహకాలనే మందగించేలా చేస్తుంది. చెన్నైలోని ఫైలేరియా రోగులతో చేసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, పురుగు సోకినవారి రక్షణ కణాల మీద టీఎల్ఆర్‌లు తక్కువగా కనిపించాయి. ఉన్నవాటిని రెచ్చగొట్టినా స్పందన మందంగా ఉంది. దీనికి తోడు మంటను చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 ఇలాంటివారిలో ఎక్కువగా తయారవుతుంది. ఇందులో మనిషికీ కొంత లాభం లేకపోలేదు. రక్తంలో తిరిగే వేలాది జీవుల మీద ఒళ్లు రోజూ యుద్ధానికి దిగితే ముందు దెబ్బతినేది సొంత కండరాలు, నాళాలే. మౌనంగా ఉన్న మనిషి మాత్రం దోమలకు పురుగును అందిస్తూనే ఉంటాడు. ఆరోగ్యంగా కనిపించేవాళ్లకు కూడా మాత్రలివ్వడానికి కారణం ఇదే. డెల్టా ఊళ్లలో అతి తక్కువగా చెప్పే సంగతీ ఇదే.

కొందరిలో ఈ మౌనం చెదురుతుంది. పెద్ద పురుగు బతికున్నప్పుడు శోషరస నాళం సాగి వదులవుతుందే కానీ అక్కడ పెద్దగా మంట ఉండదు. బ్రెజిల్ వైద్యులు 1990లలో అల్ట్రాసౌండ్‌లో చూసినప్పుడు, ఏ నొప్పీ లేని మగవారి వృషణాల సంచిలోని నాళాల్లో పురుగులు ఆగకుండా మెలికలు తిరుగుతూ కనిపించాయి. అదే పురుగు చనిపోతే దాని చుట్టూ రక్షణ కణాలు మూగి గడ్డ కడుతుంది, నాళం వాచి ఎర్రబడుతుంది. శోషరస నాళాల్లో ద్రవాన్ని ఒకే వైపు నడిపే కవాటాలుంటాయి. మేజర్ డ్రెయిన్ పూడిపోతే వాన నీరు వెనక్కి తన్ని చేలు మునిగినట్టే, ఆ కవాటాలు చెడితే ద్రవం కాల్లో నిలిచిపోతుంది. వాపు అక్కడ మొదలవుతుంది, మగవారిలో వరిబీజమూ ఈ దారినే వస్తుంది.

ఆ తర్వాత వచ్చే చలిజ్వరాలు వేరే రకం. గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రగా కాలిపోవడం, రెండు మూడు నెలలకోసారి మంచాన పడటం. వీటికి ఎక్కువగా కారణం వేళ్ల సందుల్లోని పగుళ్ల గుండా లోపలికి వెళ్లే మామూలు బ్యాక్టీరియా. నీరు నిలిచిన కాలు వాటిని బయటికి తోసేయలేదు, గ్రాహకాలు మళ్లీ మళ్లీ మోగుతూ ఉంటాయి, ఒక్కో జ్వరంతో కాలు ఇంకొంచెం గట్టిపడుతుంది. మోకాళ్ల లోతు బురదలో నాట్లు వేసే కూలీలకు, చేపల చెరువుల్లో దిగే వాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, పగుళ్లకు మందు రాసి, పడుకునేటప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకుంటే ఈ జ్వరాలు గణనీయంగా తగ్గుతాయి. ఒకసారి వచ్చిన వాపు మాత్రతో పోదన్న మాట నిజమే. కాలి సంరక్షణ వల్ల మాత్రం మనిషి మళ్లీ పనికి వెళ్లగలుగుతాడు. ఇంత ఫలితమిచ్చే ఈ పనికి మాత్రల పంపిణీకి దక్కే శ్రద్ధలో పదోవంతైనా దక్కాలి.

పేగులో, ఊపిరితిత్తుల్లో

పేగుల్లోని పురుగుల దగ్గర ఒళ్లు ఇంకో దారి పడుతుంది. ఏలికపాములు, కొంకి పురుగులు చేరినప్పుడు పేగు గోడలోని టఫ్ట్ కణాలు ముందుగా పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్-25 వదులుతాయని 2016లో ఎలుకల్లో తేలింది. దానికి ఐఎల్‌సీ-2 అనే కణాలు స్పందించి ఇంటర్‌ల్యూకిన్-13 తయారుచేస్తాయి. దాంతో పేగులో జిగురు పెరుగుతుంది, పేగు గట్టిగా ముడుచుకుంటుంది, పురుగు జారి బయటికి పోతుంది. నాలుక మీద చేదును తెలిపే తరహా గ్రాహకాలే కొన్ని పురుగులను గుర్తించడానికి టఫ్ట్ కణాలకు ఉపయోగపడతాయని కూడా ఎలుకల్లో చూశారు. ఎలుక ఫలితాన్ని మనిషికి నేరుగా అంటగట్టకూడదు. టోక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని పట్టే టీఎల్ఆర్-11 ఎలుకల్లో చక్కగా పనిచేస్తుంది, మనుషుల్లో ఆ జన్యువు పనికిరాకుండా పోయింది.

ఐఎల్‌సీ-2 కణాలు పిలిచేవాటిలో ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఒకటి. "ఈస్నోఫీలియా ఉందన్నారు" అనే మాట గోదావరి జిల్లాల్లో వినని ఇల్లుండదు. రక్త పరీక్షలో ఈసినోఫిల్స్ పెరగడానికి ఎలర్జీ, ఆస్తమా, పేగు పురుగులు ఏవైనా కారణం కావచ్చు. కానీ ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో కొద్దిమందికి రాత్రిపూట ఆగని దగ్గు, పిల్లికూతలు, వేలల్లో ఈసినోఫిల్స్ కనిపిస్తాయి. వీళ్ల ఒళ్లు ఊరుకోదు, ఊపిరితిత్తుల్లోకి వచ్చిన మైక్రోఫైలేరియాను అక్కడే పట్టుకుని చంపేస్తుంది. అందుకే రాత్రి రక్తంలో పురుగు దొరకదు, ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతింటాయి. దీన్ని ఆస్తమా అనుకుని ఏళ్లకు ఏళ్లు ఇన్‌హేలర్లతో నెట్టుకొచ్చేవాళ్లున్నారు. గుర్తిస్తే మూడు వారాల డీఈసీ కోర్సుతో చాలామందికి తగ్గుతుంది.

నది ఎగువన మన్యంలో బాధ మలేరియాది. అక్కడ పరాన్నజీవి ఎర్ర కణంలో దాక్కుంటుంది. రెండ్రోజులకోసారి కణాలు పగిలినప్పుడు దాని కొవ్వులు టీఎల్ఆర్-2కు, డీఎన్ఏ టీఎల్ఆర్-9కు చిక్కుతాయి. వణుకుతో వచ్చే జ్వరం ఆ పగిలే వేళకే వస్తుంది.

మాత్ర ఇచ్చేటప్పుడు చెప్పాల్సింది

రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఈ మాత్రలివ్వరు. మిగతావాళ్లు ఏదైనా తిన్నాక వేసుకోవాలి. జ్వరం రావచ్చని, వస్తే ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుందని, పారాసిటమాల్ వేసుకుంటే సరిపోతుందని, జ్వరం విపరీతంగా ఉన్నా స్పృహ తప్పినా దద్దుర్లు లేచి ఆయాసం వచ్చినా వెంటనే పీహెచ్‌సీకి రమ్మని ముందే చెబితే, మర్నాడు వచ్చే జ్వరం జనాన్ని బెదరగొట్టదు. ముందు చెప్పకుండా వచ్చిన జ్వరమే పుకారుగా మారుతుంది. జ్వరం రాలేదంటే పురుగు లేనట్టు కాదు, వచ్చిందంటే కచ్చితంగా ఉన్నట్టూ కాదు. తేల్చుకోవాలంటే పరీక్ష చేయించుకోవాలి. ఊళ్లో రక్తంలో పురుగు ఉన్నవాళ్లు తగ్గేకొద్దీ పంపిణీ రోజున జ్వరాలూ తగ్గుతాయి. అంటే ఎక్కువ ఓపిక కావాల్సింది మొదటి ఒకటి రెండు ఏళ్లే. ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులిచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సిఫారసు చేసింది, మన దేశంలో కొన్ని జిల్లాల్లో అది అమలవుతోంది. మైక్రోఫైలేరియాను అది ఇంకా గట్టిగా తుడిచేస్తుంది కాబట్టి ముందుగా చెప్పడం అక్కడ మరింత అవసరం.

పంపిణీ ఆపేయొచ్చా లేదా అన్నది ఆరేడేళ్ల పిల్లల రక్తం చూసి తేలుస్తారు. ఆ వయసు పిల్లలు పంపిణీ మొదలయ్యాక పుట్టినవాళ్లు కాబట్టి, వాళ్లలో పురుగు ఆనవాలు దొరికితే దోమ ఇంకా దాన్ని మోస్తున్నట్టే లెక్క. ఇందుకు రాత్రిదాకా ఆగక్కర్లేదు. పెద్ద పురుగు వదిలే యాంటిజెన్, అంటే దాని ఆనవాలు పట్టిచ్చే పదార్థం, పగలూ రాత్రీ రక్తంలో ఉంటుంది. బడిలో వేలు పొడిచి చుక్క రక్తం స్ట్రిప్ మీద వేస్తే పది నిమిషాల్లో గీత కనిపిస్తుంది.